మళ్లీ రమ్మని చెప్పిందెవరు?

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో ఆడవాళ్ల పని పొద్దు పొడవకముందే మొదలవుతుంది. బంతి, చామంతి, గులాబీ తోటల్లో పూలు మంచు ఆరకముందే తెంపాలి. ఎండెక్కితే రేకు వాడిపోతుంది, గుడిమల్కాపూర్ మార్కెట్లో ధర పలకదు. టమాటా, క్యారెట్, బీట్‌రూట్, కొత్తిమీర కూడా అంతే, వేళకు కదలాలి. తెంపేది, కడిగేది, కట్టలు కట్టేది ఎక్కువగా ఆడవాళ్లే. కాస్త ఇటు నగరం వైపు వస్తే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల చుట్టూ ఫామ్‌హౌస్‌లు, రిసార్టులు. అక్కడ ఊడ్చేది, తుడిచేది, గిన్నెలు తోమేది కూడా చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లే.

ఇలాంటి ఊరికి ఒక రోజు క్యాన్సర్ పరీక్షల శిబిరం వచ్చిందనుకుందాం. ముందురోజే ఆశ కార్యకర్త ఇల్లిల్లూ తిరిగి చెబుతుంది. మహిళా సంఘం లీడరు ఫోన్లు చేస్తుంది. బడి వరండాలో కుర్చీలు వేస్తారు, టెంటు కడతారు, పెద్దలొచ్చి ఫొటోలు దిగుతారు. పక్కింటావిడ పోతోందని ఈవిడ, ఈవిడ పోతోందని తోడికోడలు వరుసలో నిలబడతారు. పరీక్ష అవుతుంది. ‘ఏం లేదమ్మా, బాగుంది’ అంటారు. గుండెల మీది బరువు దిగినట్టయి అందరూ ఇళ్లకు పోతారు.

రెండేళ్ల తర్వాత అదే వరుసలో మళ్లీ నిలబడేవాళ్లు ఎందరు? చిక్కంతా ఇక్కడే ఉంది. రొమ్ము క్యాన్సర్ పరీక్ష ఒకసారి చెల్లిస్తే తీరిపోయే మొక్కు కాదు. ఈ ఏడాది లేని గడ్డ వచ్చే ఏడాది రావచ్చు. ఒక్కసారి చేయించుకున్న పరీక్ష ఆ రోజు సంగతే చెబుతుంది, ఆ తర్వాతి సంగతి చెప్పదు.

ఈ ఊళ్లు హైదరాబాద్ పొలిమేరలోనివి. నగరం నుంచి మొయినాబాద్‌కు పాతిక కిలోమీటర్లు, చేవెళ్లకు నలభై పైచిలుకు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో విడుదల చేసిన క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదిక ప్రకారం దేశంలో రొమ్ము క్యాన్సర్ రేటు అన్నిటికన్నా ఎక్కువగా నమోదైంది హైదరాబాద్ జిల్లాలోనే. అక్కడ ప్రతి లక్ష మంది మహిళలకు ఏడాదికి 48 కొత్త కేసులు. దేశం మొత్తం మీద 2022లో సుమారు 1,92,000 మందికి కొత్తగా ఈ జబ్బు బయటపడిందని, 98,000 మందికి పైగా దీనితో చనిపోయారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా వేసింది. బయటపడేవాళ్ల సంఖ్యలో సగానికి పైగా చావులుండటం మామూలు విషయం కాదు. మొదటి దశలో దొరికితే చాలామందికి నయమయ్యే జబ్బు ఇది. మన దగ్గర మూడో దశలోనో, నాలుగో దశలోనో ఆసుపత్రికి చేరేవాళ్లే ఎక్కువ కాబట్టి లెక్క ఇలా ఉంది.

మరో లెక్క ఇంతకన్నా కలవరపెడుతుంది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ల మహిళలను ‘ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నారా’ అని అడిగారు. దేశంలో అవునన్నవాళ్లు 0.9 శాతం. తెలంగాణలో అంతకన్నా తక్కువ. నూటికి ఒక్కరు కూడా లేరు. మొదటిసారి వచ్చేవాళ్లే ఇంత అరుదైనప్పుడు, వచ్చినవాళ్లను రెండోసారికి పోగొట్టుకోవడం చేతికందిన పంటను కల్లంలో వదిలేయడమే.

చుట్టుపక్కల వైద్యం లేక కాదు. మొయినాబాద్ దగ్గర భాస్కర్ మెడికల్ కాలేజీ ఉంది. చేవెళ్లలో పట్నం మహేందర్ రెడ్డి మెడికల్ కాలేజీ ఉంది, ప్రభుత్వాసుపత్రి ఉంది. మెహదీపట్నం బస్సెక్కి అక్కడ దిగి మారితే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. గుజరాత్ తొలి గవర్నర్‌గా పనిచేసిన మెహదీ నవాజ్ జంగ్ పేరు మోస్తున్న, 1955లో మొదలైన ఈ ప్రభుత్వ ఆసుపత్రికి తెలంగాణ పల్లెల నుంచి రోజూ జనం వస్తూనే ఉంటారు. 2023 డిసెంబరు 9 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ కూడా లేదు.

మరి ఎందుకు తిరిగి రారు? అక్షరం రాక, అవగాహన లేక అని తేల్చేయడం చదువుకున్నవాళ్లకు అలవాటు. ఆ జవాబు సగం కూడా నిజం కాదు.

ముందు పరీక్షనే దగ్గరగా చూడాలి. పల్లెల్లో జరిగేది ఎక్కువగా చేతి పరీక్ష. మంచం మీద వెల్లకిలా పడుకోబెడతారు. చేయి తల కిందికి మడిచి పెట్టుకోమంటారు. శిక్షణ పొందిన నర్సు మూడు వేళ్ల మెత్తని భాగంతో, చిన్న చిన్న చుట్లుగా, మొదట పైపైన, తర్వాత కాస్త ఒత్తి, ఆ తర్వాత ఇంకొంచెం గట్టిగా తడిమి చూస్తుంది. చంక కింద, మెడ ఎముక పైన కూడా చూస్తుంది. చర్మం సొట్ట పడిందా, బత్తాయి తొక్కలా గరుకెక్కిందా, చనుమొన లోపలికి లాక్కుపోయిందా, రక్తం మరక ఏమైనా ఉందా అని గమనిస్తుంది. సరిగ్గా చేయాలంటే కొన్ని నిమిషాలు పడుతుంది. వరుసలో అరవై మంది నిలబడి ఉంటే ఆ నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయి?

అన్నిటికన్నా ముందు జాకెట్ హుక్కులు తీయాలి. గదికి తలుపుందా, తలుపుకు గడియ ఉందా, కిటికీకి పరదా ఉందా, అవతల వరండాలో నిలబడ్డ బావగారికి మాట వినపడుతుందా, ఇవన్నీ ఆమె ఒక్క చూపులో లెక్కేసుకుంటుంది. మొదటిసారి పరదా సగం చిరిగి కనిపించినా, చేసేవాళ్లు మొహం చిట్లించినా, పక్కన సంబంధం లేని మనిషి నిలబడినా ఆమె ఎవరికీ ఫిర్యాదు చేయదు. ఇంకోసారి రాదు. అంతే. ఆ రాకపోవడమే ఆమె ఫిర్యాదు. రెండు గజాల మందపాటి గుడ్డ, లోపలి గడియ, పేరు పెట్టి పలకరించే నర్సు, ఈ మూడింటి ఖర్చు ఏ యంత్రం ఖర్చుతో పోల్చినా లెక్కలోకి రాదు.

మామోగ్రామ్‌ది ఇంకో తీరు. ఒక్కో రొమ్మును రెండు పలకల మధ్య పెట్టి కొన్ని క్షణాలు అదిమి ఎక్స్‌రే తీస్తారు. నొక్కితేనే లోపలి కణజాలం పరుచుకుని చిన్న మచ్చ కూడా కనబడుతుంది. కొందరికి అది బాగా నొప్పి పెడుతుంది. ఇంగ్లండ్ లాంటి దేశాల్లో మళ్లీ రానివాళ్లను కారణం అడిగిన అధ్యయనాలను 2013లో ఒకచోట చేర్చి చూస్తే, 25 నుంచి 46 శాతం మంది చెప్పింది ఆ నొప్పి గురించే. కాబట్టి ఇది చేవెళ్ల ఆడవాళ్ల సున్నితత్వం కాదు. ‘కొన్ని క్షణాలు అదిమినట్టుంటుంది, భరించలేకపోతే చెప్పమ్మా, ఆపుతాను’ అని ముందే ఒక మాట చెబితే చాలామంది ఓర్చుకుంటారు. నెలసరి ముందు రోజుల్లో కాకుండా, అయిపోయిన వారంలో తేదీ ఇస్తే నొప్పి కూడా తగ్గుతుంది.

బస్సు టికెట్ మిగిలింది గానీ కూలి మిగలలేదు. చేవెళ్ల నుంచి రెడ్‌హిల్స్‌కు పోయి రావాలంటే ఒక పగలు పోయినట్టే. ఒంటరిగా పోరు, తోడుగా ఇంకొకరు రావాలి. రెండు కూళ్లు పోతాయి. ‘ఇయ్యాల పోతే రేపు రమ్మంటరు, రేపు పోతే రిపోర్టు ఎల్లుండి అంటరు’ అని వాళ్లు చెప్పే మాటలో అతిశయోక్తి లేదు. ఒంట్లో నొప్పి ఉంటే ఈ ఖర్చుకు అర్థముంటుంది. పరీక్షేమో ఒంట్లో ఏ బాధా లేనప్పుడు చేయించుకోవలసింది. రొమ్ము గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. నొప్పి లేకపోతే జబ్బు లేదన్నది తరతరాల లెక్క. ఈ జబ్బు దగ్గర ఆ లెక్క తప్పుతుంది.

ఇక్కడే ఇంకో సంగతి గమనించాలి. బీపీ, షుగర్ ఉన్న ఆడవాళ్లు ఆరోగ్య ఉపకేంద్రానికి నెలనెలా వస్తారు. ఎందుకంటే మాత్రల సంచి చేతికొస్తుంది. రొమ్ము పరీక్ష చేయించుకుంటే చేతికి ఏమీ రాదు. మాత్ర లేదు, సూది లేదు, టానిక్ లేదు. ‘బాగుంది పో’ అన్న మాట ఒక్కటే వస్తుంది. ఆ మాటకు వాయిదా ఉందని, అది ఇన్నాళ్ల వరకే పనికొస్తుందని ఎవరూ విడమరచి చెప్పరు. అందుకే ‘నాకు అప్పుడే చూసిండ్రు, ఏం లేదన్నరు’ అని నాలుగేళ్ల తర్వాత కూడా ధీమాగా అంటారు. డాక్టరు చెప్పింది ఆనాటి మాట, ఆమె దాన్ని జీవితకాలపు హామీగా దాచుకుంది. తప్పు ఆమెది కాదు.

అనుమానం వచ్చి పంపినవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. చేతికి గడ్డ తగిలిందని చీటీ రాసి పెద్దాసుపత్రికి పంపుతారు. పది గడ్డల్లో తొమ్మిది క్యాన్సర్ కావు, చాలావరకు కొవ్వు గడ్డలో, నీటి బుడగలో, వయసులో వచ్చే మామూలు గడ్డలో అయి ఉంటాయి. ఆ సంగతి తేలేదాకా మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. ఆఖరికి ఏమీ లేదని తేలితే సంతోషించి మళ్లీ మళ్లీ రావాలి కదా అనిపిస్తుంది. మనుషుల మనసు అలా నడవదు. అమెరికాలో 2005 నుంచి 2017 దాకా పది లక్షల మందికి పైగా మహిళల మామోగ్రామ్ రికార్డులు పరిశీలించి 2024లో ఒక అధ్యయనం వెలువరించారు. మొదటే ‘బాగుంది’ అనిపించుకున్నవాళ్లలో 77 శాతం మంది మళ్లీ పరీక్షకు వచ్చారు. అనుమానం మీద సూదితో ముక్క తీసి పరీక్షించి, చివరకు ఏమీ లేదని తేలినవాళ్లలో 67 శాతమే వచ్చారు. ‘ఆరు నెలల్లో మళ్లీ చూద్దాం’ అని పెండింగ్‌లో పెట్టినవాళ్లలో 61 శాతమే. కారు, ఇన్సూరెన్స్, ఫోన్‌లో గుర్తుచేసే ఆసుపత్రి అన్నీ ఉన్నచోటే భయపెట్టి వదిలేసిన పరీక్ష మనిషిని ఇంత దూరం నెడితే, మన పల్లెల్లో ఎంత దూరం నెడుతుందో ఊహించుకోవచ్చు.

మన దగ్గర దీనికి తోడు సూది మీద ఒక అపోహ పాతుకుపోయింది. ‘గడ్డకు సూది తగిలితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది’ అంటారు. చదువుకున్నవాళ్లు కూడా అంటారు. ఇది నిజం కాదు. ఏ రకం జబ్బో, ఏ మందు పనిచేస్తుందో తేలాలంటే సూది పరీక్ష తప్పనిసరి. ఆలస్యం చేసిన నెలలే జబ్బును పాకిస్తాయి.

ఇక భయం. క్యాన్సర్ పేరు నోటితో పలకడానికే జంకుతారు, ‘ఆ రోగం’ అంటారు. బయటపడితే రొమ్ము తీసేస్తారని, మొగుడు వదిలేస్తాడని, రేపు బిడ్డకు సంబంధం వస్తే ‘ఆ ఇంట్ల ఉన్నదట’ అంటారని. మేనమామో, పెద్దమ్మో ఎప్పుడో ఆఖరి దశలో పడ్డ అవస్థ కళ్ల ముందు మెదులుతుంది. బాగైనవాళ్లు చెప్పుకోరు, చనిపోయినవాళ్ల సంగతే ఊరంతా చెప్పుకుంటుంది. కాబట్టి ఊరికి తెలిసిన క్యాన్సర్ అంతా చావుతో ముగిసిన క్యాన్సరే. నటి గౌతమి లాంటివాళ్ల మాటకు విలువ అందుకే. శ్రీకాకుళం బిడ్డ అయిన ఆమె 35 ఏళ్ల వయసులో తన రొమ్ములో గడ్డను తానే గుర్తుపట్టి, చికిత్స తీసుకుని, ఇరవై ఏళ్లుగా ఆ సంగతి బాహాటంగా చెబుతున్నారు. ప్రతి మండలంలోనూ బాగై తిరుగుతున్న ఆడవాళ్లుంటారు. వాళ్లలో ఒక్కరు నోరు విప్పితే అది పది పోస్టర్ల పెట్టు.

ఇంత చెప్పినా అసలు కారణం ఇంకా మిగిలే ఉంది. మళ్లీ రమ్మని వాళ్లను ఎవరూ పిలవడం లేదు.

ఇంగ్లండ్‌లో 50 ఏళ్లు దాటిన మహిళకు 71 ఏళ్లు వచ్చేదాకా మూడేళ్లకోసారి ఇంటికి ఉత్తరం వస్తుంది. ఫలానా చోటికి రండి అని అందులో ఉంటుంది. గుర్తుపెట్టుకునే పని ఆమెది కాదు, ప్రభుత్వానిది. మన జాతీయ కార్యక్రమం కూడా కాగితం మీద మంచిదే. 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 దాటిన ప్రతి మహిళకు అయిదేళ్లకోసారి నోరు, గర్భాశయ ముఖద్వారం, రొమ్ము పరీక్షించాలి. ఆశ కార్యకర్త ఇంటికొచ్చి ప్రశ్నల ఫారం నింపుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ పేరుతో మంగళవారం క్లినిక్‌లు కూడా మొదలుపెట్టింది. మొదటి పిలుపు ఉంది. రెండో పిలుపుకు తేదీ లేదు, దానికి బాధ్యుడైన మనిషి లేడు.

తిరిగి రావడం ఈ నేలకు కొత్త కాదు. మొయినాబాద్ మండలంలోనే ఉంది చిలుకూరు బాలాజీ గుడి. కోరిక కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక వచ్చి 108. ఆ 108 కోసం ఎక్కడెక్కడివాళ్లో మరిచిపోకుండా తిరిగి వస్తారు. గుడి మాట అలా ఉంచినా, ఏ ఇంట్లోనైనా చూరుకు వేలాడే సంచిలో వెతికితే ఆధార్ కార్డు, రేషన్ కార్డు పక్కన పిల్లల టీకా కార్డు కనిపిస్తుంది. మూలలు నలిగి, పాల మరక పడి ఉంటుంది. వేసిన టీకా పక్కన తేదీ, వేయవలసిన టీకా పక్కన ఇంకో తేదీ. ఆ తేదీకి ఉపకేంద్రంలో బుధవారమో శనివారమో తల్లి బిడ్డను ఎత్తుకుని వస్తుంది. రాకపోతే ఆశమ్మ ఇంటికొచ్చి కేకేస్తుంది. కూలి పోతుందని ఆ తల్లి మానేయదు. అదే ఊరు, అదే తల్లి, అదే ఆశమ్మ. తేడా ఆ కార్డులోని ఒక్క గడిది. బిడ్డ కోసం రాసిన తేదీ తల్లి కోసం ఎవరూ రాయలేదు.

పదేపదే చూస్తేనే ఫలితం అనడానికి మన దేశంలోనే రుజువుంది. టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు 1998లో ముంబయి బస్తీల్లో ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. 35 నుంచి 64 ఏళ్ల మహిళలు 1,51,538 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేతి పరీక్ష చేశారు, ఒకసారి కాదు, నాలుగు సార్లు. ఫలితాలు 2021లో వచ్చాయి. పరీక్షలు జరిగిన చోట క్యాన్సర్ తొలి దశల్లో దొరికింది. 50 దాటిన మహిళల్లో మరణాలు సుమారు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్నవాళ్లలో ఆ మేలు కనబడలేదు, ఆ మాట కూడా దాచకుండా చెప్పాలి. ఖరీదైన యంత్రం లేదు. చేతివేళ్లు, చేసే ఓపిక, వదలకుండా మళ్లీ వెళ్లడం, ఇంతే.

తెలుగు నేల మీద కూడా ఆ ఓపిక కనిపించింది. 2002లో తల్లి డాక్టర్ ఉషాలక్ష్మికి రొమ్ము క్యాన్సర్ వచ్చాక, ఇంగ్లండ్‌లో పనిచేస్తున్న డాక్టర్ రఘురామ్ హైదరాబాద్ తిరిగొచ్చి 2007లో ఆమె పేరుతో ఫౌండేషన్ పెట్టారు. 2012–16 మధ్య రెండు తెలుగు రాష్ట్రాల పల్లెల్లో ఆశ, ఏఎన్‌ఎం కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి సుమారు రెండు లక్షల మంది పేద మహిళలకు చేతి పరీక్షలు చేయించారు. ఊరి కార్యకర్తలతో ఈ పని అవుతుందని తేలిపోయింది. ఇక కావలసింది ఆ పని ఏటా నడవడం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దేశాల ముందు మూడు అంకెలు పెట్టింది. రొమ్ము క్యాన్సర్లలో 60 శాతమైనా మొదటి రెండు దశల్లో దొరకాలి. అనుమానంతో వచ్చినవాళ్లకు 60 రోజుల్లో తేల్చి చెప్పాలి. 80 శాతం మంది చికిత్స పూర్తి చేయాలి. చేవెళ్లలో ఇప్పుడున్న ఒక సంగతి ఈ అంకెల పక్కన పెట్టి చూడాలి. నయం కాని దశలో ఉన్న రోగులకు నొప్పి తగ్గించే పాలియేటివ్ కేర్ కేంద్రాలు జిల్లాల్లో తెరిచినప్పుడు చేవెళ్లలోనూ ఒకటి తెరిచారు. చాలా మంచి పని, చేస్తున్నవాళ్లకు దండం పెట్టాలి. ఆఖరి రోజుల నొప్పికి ఊళ్లోనే మంచం వేయగలిగినవాళ్లం మొదటి గడ్డను వెతకడానికి ఊళ్లోనే ఒక గది, ఒక పరదా, ఒక రిజిస్టరు పెట్టలేమా?

అధికారులు చేయవలసింది పెద్ద పనేమీ కాదు. 30 దాటిన ప్రతి మహిళకూ పిల్లల కార్డు లాంటి కార్డు, అందులో మళ్లీ రావలసిన తేదీ. ఆ తేదీ ఆశ కార్యకర్త పుస్తకంలోనూ ఉండాలి. ఆమె గుర్తుచేసిన ప్రతి మహిళకూ ఆమెకు ప్రోత్సాహకం అందాలి. పరీక్ష రోజు పూల కోత లేని రోజై ఉండాలి, లేదా సాయంత్రం పెట్టాలి. అనుమానం ఉన్నవాళ్లకు చీటీ చేతిలో పెట్టి పంపేయకుండా, ఎంఎన్‌జేకు పదిమందిని కలిపి ఒకే రోజు ఒక మనిషి తోడుగా తీసుకెళ్లాలి. ఏమీ లేదని తేలినవాళ్లకు ఆ మాట ఇంటికొచ్చి చెప్పాలి, మళ్లీ ఎప్పుడు రావాలో కూడా అప్పుడే చెప్పాలి.

ఇది చదువుతున్నవాళ్లు అంతదాకా ఆగనక్కర్లేదు. మీ వంటింట్లో గోడకు క్యాలెండర్ ఉంటుంది. గ్యాస్ బండ వచ్చిన తేదీ, పాల లెక్క, చీటీ కట్టే రోజు అన్నీ దాని మీదే రాస్తారు. అమ్మ, అత్తమ్మ, అక్క, వదినె, ఇంట్లో పనికొచ్చే ఆమె, వీళ్లలో 30 దాటినవాళ్ల పేర్లు ఇవాళే దాని మీద రాయండి. చివరిసారి ఎప్పుడు పరీక్ష చేయించుకున్నారో అడిగి పక్కన వేయండి. ఎప్పుడూ చేయించుకోలేదంటే ఈ వారమే ఊరి ఆశ కార్యకర్తను అడగండి. గడ్డ తగిలిందంటే వారం కూడా ఆగకుండా రెడ్‌హిల్స్ బస్సెక్కించండి, మీరూ తోడు వెళ్లండి.